ఒక శాతం కోసిన చెయ్యి

మా మేనత్త గురించి మగ్గాల షెడ్డులో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. తమ్ముడి కూతురిని పర్మినెంటు చేయించుకోవడం కోసం ఆమె షెడ్డు మొత్తం జీతంలో ఒక శాతం కోసేసిందట. మూడువందల మంది కడుపు కొట్టి ఒక్క పిల్లకి నీలం కార్డు ఇప్పించుకుందట. చెప్పేవాళ్ళు నోటితో చెప్పి ఊరుకోరు, చేసి చూపిస్తారు. కుడిచేతి చూపుడు వేలు నిలబెట్టి, వెంటనే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి, "ఇదిగో, ఇలా. కిటికీలోంచి నా కళ్ళతో నేను చూశాను" అంటారు.

వాళ్ళు చూసింది నిజమే. ఆ తమ్ముడి కూతురిని నేను. ఆ రోజు ఆ గదిలో, బల్ల చివర, నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నదాన్ని కూడా నేనే.

అత్తను షెడ్డులో అందరూ మూగత్త అనేవారు. ఆమె మూగది కాదు. పదహారో ఏట మగ్గం ఎక్కింది. నూట ఎనిమిది మగ్గాలు ఒకే రేకుల కప్పు కింద ఆడుతుంటే పక్క మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని షెడ్డులో మాటలన్నీ చేతులతోనే. పిడికిలి బిగిస్తే మగ్గం ఆపు. అరచెయ్యి నేలకి సమంగా పెట్టి ముందుకు తోస్తే నడవనీ. రెండు వేళ్ళ కత్తెర అంటే తెంపెయ్. మేనేజరు వస్తున్నాడంటే ముక్కు పట్టుకోవడం, ఆయన పూసుకునే సెంటు ఆయన కంటే ముందు వచ్చేది కాబట్టి. టెంపరరీ వాళ్ళకు గుర్తు చిటికెన వేలు. అంకెలకు వేళ్ళున్నాయి, తిట్లకు కూడా ఉన్నాయి, కాని అవి రాయలేను.

ముప్పై ఏళ్ళలో అత్తకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక గుర్తు, నాన్న అబద్ధం ఆడుతున్నాడంటే ఒక గుర్తు. మామయ్య ఉన్న రోజుల్లో ఇద్దరూ పోట్లాడుకుంటే పక్కింటికి చప్పుడు పోయేది కాదు, గాజుల గలగల తప్ప. నేను పదో తరగతి మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్నప్పుడు ఈ భాష నాకు నేర్పింది ఆమే. తప్పు గుర్తు చేస్తే వేళ్ళ మీద ఒక్కటి వేసేది. ఒకప్పుడు షెడ్డులో ఒకడు సరదాకి, మగ్గం ఆగకుండానే ఆగిందని గుర్తు చేశాడట. నమ్మి చెయ్యి పెట్టినవాడికి రెండు వేళ్ళు పోయాయి. అప్పట్నించి షెడ్డులో ఒకటే కట్టుబాటు. నోటితో ఎన్ని కోతలైనా కొయ్యి, చేత్తో మాత్రం అబద్ధం చెప్పకు.

ఒప్పందం మూడేళ్ళకోసారి. ఆ ఏడు యూనియన్ రెండు కోరికలు రాసిచ్చింది. జీతం పన్నెండు శాతం పెంచాలి. ఏడాది నిండిన టెంపరరీలను పర్మినెంటు చెయ్యాలి. పర్మినెంటు వాళ్ళది నీలం కార్డు. జబ్బు చేస్తే సెలవుకి జీతం, పురుటికి సెలవు, ఆసుపత్రి ఖర్చు, అన్నీ దాని మీదే. మాది పసుపు కార్డు. మా వరసలో ఒకమ్మాయి పురుడు పోసుకుని నలభై రోజులకి తిరిగి వస్తే ఆమె మగ్గం మీద ఇంకొకరున్నారు. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క మొదలు. నాలుగేళ్ళు చేసిన మనిషికి కొత్త పసుపు కార్డు ఇచ్చారు. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడడం నేను చూశాను.

యూనియన్ తరఫున మాట్లాడడానికి ముగ్గురు వెళ్ళారు. సెక్రటరీ, మంచి మాటకారి. ఫిట్టరు, ఎప్పుడూ పెదాల మధ్య ఒక నట్టు పట్టుకుని ఉంటాడు కనుక మాట తక్కువ. మూడోది మా అత్త. జరిగినదంతా రాయడానికి నన్ను తీసుకెళ్ళారు. సెక్రటరీ రాత కోడి గెలికినట్టు ఉంటుంది మరి.

గది మేడ మీద. బల్లకి అటువైపు మేనేజరు, ఆయన పక్కన కంపెనీ లేబర్ ఆఫీసరు. ఇటువైపు కిటికీ దగ్గరగా సెక్రటరీ, మధ్యలో అత్త, ఆ చివర ఫిట్టరు, ఆయన పక్కన బల్ల మూలకి నేను. కిటికీ అద్దానికి అటు వరండా. షిఫ్టు దిగినవాళ్ళంతా ఆ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. లోపలి మాట బయటికి వినపడదు. కాని వాళ్ళకి మాటతో పనేముంది? మనవాళ్ళు ఒకరితో ఒకరు ఏమనుకుంటున్నారో చేతులు చూస్తే తెలిసిపోతుంది. మేనేజరు ముందే కూర్చుని, ఆయనకి అర్థం కాకుండా రహస్యాలు మాట్లాడుకోవడం మా వాళ్ళకి మహా సరదా.

మొదటి రోజు సెక్రటరీ పన్నెండు అన్నాడు. మేనేజరు ఏడు అన్నాడు. గంటసేపు అక్కడే తిరిగారు. అప్పుడు సెక్రటరీ చెంప గోక్కుంటున్నట్టు చెయ్యి ఎత్తి, పది అని గుర్తు చేశాడు. పదికి ఒప్పుకుందామా అని. ఫిట్టరు అరచెయ్యి సమంగా తోశాడు. ఇంకా నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. మేనేజరు నవ్వి, "మీరెంత గింజుకున్నా పది దాటదండీ. దాని లోపల మాట్లాడుకుందాం" అన్నాడు.

రెండో రోజు టెంపరరీల మాట వచ్చింది. మేనేజరు ససేమిరా అన్నాడు. సెక్రటరీ బల్ల అంచున చిటికెన వేలు నిలబెట్టి, దాని పక్కన కత్తెర ఆడించి, కనుబొమలు ఎగరేశాడు. పది ఇస్తే వీళ్ళని వదిలేద్దామా అని. అత్త తల అడ్డంగా ఊపింది. ఫిట్టరు తల వంచుకున్నాడు. నిమిషం గడవలేదు, ఆఫీసరు ముందుకి జరిపిన చీటీ చూసి మేనేజరు అన్నాడు, "టెంపరరీల సంగతి పక్కన పెట్టండి, జీతం దగ్గర నేను కొంచెం చెయ్యి వదులు చేస్తాను."

నేను రాస్తూ తల ఎత్తాను. అత్త మేనేజరును చూడడం లేదు. పక్కనున్న లేబర్ ఆఫీసరును చూస్తోంది. ఆయన కళ్ళు మాట్లాడేవాళ్ళ మొహాల మీద లేవు. చేతుల మీద ఉన్నాయి.

సాయంత్రం మా ఇంటి మేడ మీద బట్టలు తీస్తూ అత్త నోరు విప్పి చెప్పింది. ముఖ్యమైన మాటైతేనే నోటితో చెప్పేది.

"వాడు ఒకప్పుడు నా పక్క మగ్గమే. తెలుసా?"

"ఎవరు, ఆఫీసరా?"

"ఆఫీసరు ఇప్పుడు. అప్పుడు చొక్కాకి గుండీలు కూడా ఉండేవి కావు. ఏడేళ్ళు నా పక్కన చేశాడు. తరువాత టైమ్ ఆఫీసులో గుమాస్తా, తరువాత సాయంత్రం చదువులు, తరువాత టై. ఇరవై ఏళ్ళయింది, మేమంతా మర్చిపోయాం. వాడు మర్చిపోలేదు. చేతులు నేర్పింది నేనేగా!"

"అయితే సెక్రటరీకి చెప్పెయ్ అత్తా."

"వాడికా? రేపు గదిలో కాలు పెట్టగానే వెళ్ళి ఆఫీసరు మెడలో టై పట్టుకుంటాడు. వాడి కడుపులో మాట ఆగదే."

"పోనీ చేతులు కట్టుకుని కూర్చోండి."

"కట్టుకుంటే మాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది. పదికి దిగుతామని, చిటికెన వేలు వదిలేస్తామని వాళ్ళకి ఇప్పటికే తెలుసు. అది వాళ్ళ బుర్రలోంచి ఎలా పోతుంది?"

ఆమె ఒక దుప్పటి తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. చేతులు రెండూ ముందుకు చాపి అవి వేరే ఎవరివో అన్నట్టు చూసింది. కిందికి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం మేనేజరు తొందరలో ఉన్నాడు. గోడ గడియారం చూస్తున్నాడు. శనివారానికి ఓడ ఎక్కాల్సిన దుప్పట్ల సరుకు మగ్గాల మీదే ఉందని అందరికీ తెలుసు. కాగితం బల్ల మీదకి తోసి, "పది ఇస్తున్నాను. మీరు అడిగినదానికి ఇంతకంటే దగ్గరికి రాలేను. టెంపరరీల మాట వచ్చే ఒప్పందంలో చూద్దాం. సంతకాలు పెట్టండి" అన్నాడు.

సెక్రటరీ మొహం వెలిగిపోయింది. అద్దం బయట తలలు కదిలాయి. ఆయన మెడ రుద్దుకుంటూ గుర్తు చేశాడు. చిటికెన వేలు, కత్తెర. ఫిట్టరు చాలాసేపు ఆగి అరచెయ్యి తోశాడు. ఇక మిగిలింది అత్త. ఆమె కూడా తోస్తే అయిపోయినట్టే, అరవై నాలుగు పసుపు కార్డులు మరో మూడేళ్ళు పసుపుగానే ఉంటాయి. ఆఫీసరు కళ్ళు అత్త చేతుల మీద ఉన్నాయి.

అత్త కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. చిటికెన వేలు ఎత్తింది, దాన్ని మెల్లగా గుప్పిట్లో దాచుకుంది. అంటే, వీళ్ళని ఉంచు. తరువాత చూపుడు వేలు ఒకటి, వెంటనే కత్తెర. ఒకటి కొయ్యి. కిటికీ వాళ్ళకి ఇంతే కనపడింది. సెక్రటరీకి కూడా ఇంతే.

ఎడమచెయ్యి ఫిట్టరు వైపు ఉంది. దాన్ని ఆమె ఫైళ్ళ చాటున, అటువైపు వాళ్ళకి కనపడేలా పెట్టింది. పిడికిలి బిగించింది. విప్పి వేలితో గుండ్రంగా తిప్పింది, షెడ్డు మొత్తం అని. మణికట్టు మీద రెండుసార్లు తట్టింది, ఈ షిఫ్టు నుంచే అని. ఇవాళే మగ్గాలన్నీ ఆగిపోతాయి.

అలా ఎవరూ అనుకోలేదు. యూనియన్‌లో ఆ మాటే రాలేదు. మా అత్త చేత్తో అబద్ధం చెబుతోంది.

ఆఫీసరు ఆ పిడికిలిని చూశాడు. మొహం పాలిపోయింది. నెమ్మదిగా చూపు పైకెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు, నిజమేనా అన్నట్టు. షెడ్డులో ఉన్న రోజుల్లో మగ్గంలో చెయ్యి పెట్టేముందు అలాగే చూసేవాడేమో. అత్త రెప్ప వెయ్యలేదు. మెడలో నరం ఒకటి కొట్టుకోవడం మాత్రం నాకు కనపడింది.

ఆయన చీటీ రాసి మేనేజరుకి ఇచ్చాడు. మేనేజరు చదివి, గడియారం చూసి, "పది నిమిషాలు" అని లేచాడు. ఇద్దరూ బయటికి వెళ్ళారు.

సెక్రటరీ అత్త మీద విరుచుకుపడ్డాడు. "పది చేతిలోకి వచ్చాక ఒకటి కొయ్యమంటావేంటక్కా? మతి గాని పోయిందా?"

"చిటికెన వేలు ఉండాలి తమ్ముడూ."

"చిటికెన వేలు కాదు, నీ మేనకోడలు అను. ఇక్కడే కూర్చోబెట్టుకున్నావుగా!"

నేను పుస్తకంలోకి తల దూర్చాను. ఫిట్టరు ఆమె ఎడమచేతినే చూస్తున్నాడు. నోరు తెరవబోయాడు. అత్త ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

పది నిమిషాలు అన్నవాళ్ళు పాతిక నిమిషాలకి వచ్చారు. మేనేజరు కూర్చోకుండానే అన్నాడు, "తొమ్మిది. మూడేళ్ళు నిండిన టెంపరరీలు పర్మినెంటు."

సెక్రటరీ కుర్చీలో వెనక్కి వాలి, "అక్కే మాట్లాడుతుంది. మొదలుపెట్టింది ఆవిడేగా" అన్నాడు.

అత్త మూడు రోజుల్లో మొదటిసారి ఆ గదిలో నోరు తెరిచింది. షెడ్డు అలవాటు వల్ల ఆమె గొంతు ఎప్పుడూ రెండు వీధులు దాటి వినపడుతుంది. "మూడేళ్ళవాళ్ళు ఎంతమంది?" అనేసరికి మేనేజరు ఉలిక్కిపడి నీళ్ళ గ్లాసు ఒలకబోశాడు.

ఆఫీసరు ఫైలు చూసి, "పదకొండు మంది" అన్నాడు.

"రెండేళ్ళవాళ్ళు?"

"వాళ్ళతో కలిపి ముప్పై ఎనిమిది."

"ఏడాదివాళ్ళు?"

"అందరూ కలిపి అరవై నాలుగు."

"మరి ఏడాది అనే రాసిచ్చాం కదండీ."

మేనేజరు తడిసిన కాగితాలు దులుపుతూ గొంతు పెంచాడు. "ఏడాది కుదరదు. రెండు. ఇంకొక్క మాట ఎక్కువైనా ఫైలు హెడ్డాఫీసుకి పోతుంది. ఆ తరువాత మీరు మగ్గాలు ఆపుకుంటారో, తగలబెట్టుకుంటారో మీ ఇష్టం."

సెక్రటరీ బిత్తరపోయి చూశాడు. "మగ్గాలు ఆపడం ఏంటి? ఎవరు..."

సరిగ్గా అప్పుడు ఫిట్టరుకి దగ్గు వచ్చింది. కంట్లో నీళ్ళొచ్చేంత దగ్గు. నోట్లోని నట్టు ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ పోయి మేనేజరు కాగితాల మీద ఆగింది. "తప్పైపోయిందండీ" అంటూ ఆయన అత్త ముందు నుంచి బల్ల మీదకి సగం వంగి దాని కోసం చెయ్యి చాపాడు. ఆ చాపడంలో మోచెయ్యి సెక్రటరీ నోటికి అడ్డంగా వెళ్ళింది.

"రెండేళ్ళు," అంది అత్త. "ఒప్పుకున్నాం." నా వైపు తిరగకుండానే, "రాయవే. తొమ్మిది శాతం. రెండేళ్ళు" అంది.

రాశాను. తొమ్మిది తేలిగ్గానే పడింది. రెండు అంకె వెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది.

మేము మెట్లు దిగేలోపే మాట షెడ్డంతా పాకిపోయింది. కింద నీళ్ళ పంపు దగ్గర ఒకావిడ అడ్డంగా నిలబడి, "ఏం మూగత్తా, కోడలి కార్డుకి మా జీతం నుంచి గుడ్డ కత్తిరించావటగా?" అంది. ఇంకొకడు వెనకనుంచి, "ఆవిడకి వినపడదులేవే, చేత్తో అడుగు" అన్నాడు. అందరూ నవ్వారు. అత్త దోసిలి పట్టి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని నడిచింది.

ఇంటికి వచ్చాక నేను ఏడ్చాను. "ఫిట్టరు అన్నీ చూశాడు కదా, ఆయనే సాక్షి, నువ్వు చెప్పొచ్చు కదా అత్తా. నువ్వు బెదిరించకపోతే టెంపరరీలకి ఒక్క కార్డు కూడా రాదని అందరికీ చెప్పు."

"చెబితే ఆఫీసరుకి చేరదా? మళ్ళీ మూడేళ్ళకి వాడు అదే కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడు నా చేతుల్ని నమ్మాలా వద్దా?"

"మరి నిన్ను అంత మాట అంటుంటే?"

"మాటే కదే," అని చెవి చూపించింది. "ఇది ఇందుకేగా పోయింది."

నవ్వింది గాని, ఆ వారమంతా ఆమె చేతులు సరిగ్గా లేవు. షెడ్డులో ప్రతి గుర్తూ రెండుసార్లు చేసేది. ఆపు అని ఒకసారి, అవతలివాళ్ళు చూశారని తెలిశాక కూడా మళ్ళీ ఆపు అని. మధ్యాహ్నం తిండి దగ్గర ఒక కొత్త పిల్ల, "రెండుసార్లు ఎందుకమ్మా?" అని అడిగితే, "ఒకటి నీకు, ఒకటి నాకు" అంది. తన మీద పడ్డ మాటకి ఆమె బాధపడలేదు. చేత్తో అబద్ధం చెప్పినందుకు పడింది. అది ఫిట్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

సంతకాలైన నెలకి ఆఫీసరు గేటు దగ్గర ఆమెను ఆపాడు. టై వదులు చేసుకుని, పాత గొంతుతో అడిగాడు. "అక్కా, ఆ రోజు నిజంగా ఆపేవాళ్ళేనా?" అత్త చెవి మీద చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తల ఊపి, పక్కనుంచి వెళ్ళిపోయింది. అడగాలంటే చేత్తో అడగొచ్చు. ఆయన అడగలేదు.

సెక్రటరీ మరో రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. తరువాతి ఒప్పందానికి కమిటీలో ఆమె పేరు కొట్టేశారు. ఆమె ఇంకా ఆరేళ్ళు మగ్గం మీద చేసి దిగింది. ఆఫీసరు ఉద్యోగం అయిపోయి వెళ్ళిపోయాడు. షెడ్డులోకి ఇప్పుడు కొత్త మగ్గాలు వచ్చాయి, అంత చప్పుడు లేదు, పిల్లలు నోటితోనే మాట్లాడుకుంటున్నారు. ఎవరికీ నష్టం లేదు కనుక ఇప్పుడు చెప్పొచ్చని ఇదంతా రాస్తున్నాను.

ఒక శాతం పోయిన మాట నిజం. ఆ మూడేళ్ళూ ప్రతి ఇంట్లో దాని లోటు కనపడింది, మా ఇంట్లో కూడా. సంతకాల నాటికి రెండేళ్ళు నిండాలన్న ఆ షరతు మీద ముప్పై ఎనిమిది మందికి నీలం కార్డులు వచ్చిన మాటా నిజం. పురిటి నుంచి వచ్చి మొదటి రోజు లెక్కతో మొదలుపెట్టిన అమ్మాయికి యూనియన్ పాత నాలుగేళ్ళు కలిపించింది. రెండో కాన్పుకి ఆమె జీతంతో సెలవు పెట్టింది.

ఆ మాట చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ నా మెడలో వేలాడే నీలం కార్డు చూసి తలలు ఊపుతారు. దాని మీది తేదీ ఎవరూ చదవరు. అది ఆ తరువాతి ఒప్పందంలో, అత్త కమిటీలో లేనప్పుడు ఇచ్చింది. అత్త ఒకటి కోసిన ఆ మధ్యాహ్నానికి నేను షెడ్డులో చేరి పదిహేడు నెలలు. ఆ ముప్పై ఎనిమిది పేర్లలో నా పేరు లేదు.